పని చెప్పకండి, అప్పగించండి: స్కౌట్ ట్రూప్‌లోకి తల్లిదండ్రులను ఎలా తీసుకురావాలి

ఒక ఏడాది జిల్లా ర్యాలీలో మా ట్రూప్ గేటుకు మొదటి బహుమతి వచ్చింది. వెదురు బొంగులు, కొబ్బరి తాడు, పైన అట్టముక్కతో చేసిన నెమలి. అందరం ఫొటోలు దిగాం. ఆ రాత్రి గాలికి గేటు ఒక పక్కకు ఒరిగింది. పొద్దున్నే పిల్లలను పిలిచి తాళ్లు బిగించమంటే ఒక్కడికీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తెలియదు మరి. ఆ గేటు కట్టింది వాళ్ల నాన్నలు. నేనూ ఓ చెయ్యి వేశాను. పిల్లలు తాళ్లు అందించారు, మంచినీళ్లు తెచ్చారు.

తల్లిదండ్రులు ట్రూప్ వైపు కన్నెత్తి చూడరని వాపోయే టీచర్లకు నేను ఈ గేటు సంగతే చెబుతాను. వాళ్లను రప్పించడం అంత కష్టం కాదు. వచ్చాక పిల్లల చేతిలో పని లాక్కోకుండా చూడటమే కష్టం, ఎందుకంటే ఆ లాక్కోవడమంతా ప్రేమతోనే జరుగుతుంది.

కొత్తగా ట్రూప్ చేతికి వచ్చిన స్కౌట్ మాస్టర్ల కోసం ఇది రాస్తున్నాను. అమ్మాయిల జట్లు నడిపే గైడ్ కెప్టెన్లు ట్రూప్ అన్నచోట కంపెనీ అని చదువుకోండి, మిగతాదంతా ఒకటే. పదేళ్లు దాటిన పిల్లల గురించే చెబుతున్నాను. అంతకంటే చిన్నవాళ్లైన కబ్‌లు, బుల్‌బుల్‌ల వయసులో అమ్మానాన్నలు ఇంకాస్త దగ్గరగా ఉండాల్సిందే.

మొదటి మీటింగ్

ఆదివారం పొద్దున పెట్టకండి. ఆ పూట మాంసం కొట్టు, తలంట్లు, బంధువులు. పనులకు వెళ్లివచ్చే వాళ్లకు మామూలు రోజు సాయంత్రం ఆరున్నరే వీలు. స్కూలు వరండాలో లైటు వేసి చాపలు పరచండి. కుర్చీలు వేస్తే ముందు వరుసలో ఎవరు కూర్చోవాలన్న దగ్గరే సగం ఊరు వెనక్కి పోతుంది. నలభై నిమిషాలకు మించొద్దు.

పిలుపు చీటీ మీరు రాయకండి. పిల్లలే రాసి, ఇంట్లో చదివి వినిపించాలి. వాట్సాప్‌లో వచ్చిన నోటీసును పక్కన పెట్టేసిన వాళ్లు కూడా, పక్కన కూర్చుని కూతురు చదివిన నాలుగు లైన్లకు కదిలి వస్తారు.

వచ్చాక ఉపన్యాసం వద్దు. ఒక్కో పిల్లవాడి చేతికి రెండు మీటర్ల తాడు ఇవ్వండి. పక్కనున్న అమ్మకో నాన్నకో వాడే క్లోవ్ హిచ్ అనే ముడి నేర్పాలి. వరండా స్తంభాలు, కిటికీ ఊచలు ఏవైనా పనికొస్తాయి. మొదటిసారి ఇలా చేసినప్పుడు పాడి గేదెలున్న ఒకాయన కొడుకు వేస్తున్న ముడిని కాసేపు చూసి నవ్వాడు. "ఒరే, నేను రోజూ గుంజకు వేసేది ఇదేరా" అని, మనతో మాట్లాడుతూనే, ముడి వైపు చూడకుండా, ఒంటిచేత్తో వేసి చూపించాడు. నాలుక బయటపెట్టి రెండు చేతులతో కుస్తీ పడుతున్న కొడుకు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. అంతకుముందు వరకు ఆయన స్కూలు మీటింగుల్లో వెనక గోడకు ఆనుకుని నిలబడే మనిషి. ఆ సాయంత్రం ఆయన చుట్టూ పదిమంది పిల్లలు చేరారు.

ప్రశ్నలు మూడు వస్తాయి, ఏ ఊళ్లో అయినా ఇవే. ఇది ఎన్‌సీసీ లాంటిదా? కాదు. ఎన్‌సీసీ రక్షణ శాఖ కింద నడుస్తుంది. స్కౌటింగ్ స్వచ్ఛందంగా నడిచేది, దీనికి సైన్యంతో సంబంధం లేదు. ఉద్యోగానికి పనికొస్తుందా? రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉంది, రాష్ట్రపతి పురస్కారం దాకా వెళ్లినవాళ్లకు అక్కడ విలువ ఉంటుంది. ఈ మాట ఒక్కసారి చెప్పి ఊరుకోండి. ఉద్యోగం పేరుతో పిల్లలను చేర్చుకుంటే ఆ తండ్రి ప్రతి నెలా సర్టిఫికెట్ ఎప్పుడని అడుగుతూనే ఉంటాడు.

మూడో ప్రశ్న కాస్త పెద్దవాళ్లు అడుగుతారు: ఇది ఇంగ్లీషువాళ్ల ఆట కదా? మొదలుపెట్టింది వాళ్లే. మన దేశంలో 1909లో బెంగళూరులో మొదలైనప్పుడు మన పిల్లలను అందులో చేర్చుకోలేదు. అప్పుడు మద్రాసులో అనీబిసెంట్, ఉత్తరాదిన మదన్ మోహన్ మాలవీయ వంటివాళ్లు మన పిల్లలకు వేరేగా స్కౌట్ సంఘాలు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబర్ 7న అన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యింది, మరుసటి ఆగస్టు 15న గర్ల్ గైడ్స్ వచ్చి చేరారు. ఇంత చెబితే ఆ పెద్దాయన తల ఊపుతాడు. నా అనుభవంలో ఆ తర్వాత టెంట్లకు తాటాకు చాపలు ఇప్పించేది కూడా ఆయనే.

వాళ్ల ప్రశ్నలయ్యాక మీరు రెండే అడగండి. మీ చేతికి వచ్చిన పని ఏమిటి? వారంలో ఏ గంట మీది? చందా సంగతి ఆ రోజు ఎత్తొద్దు. జవాబులు ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఎలక్ట్రీషియన్, మంగళవారం సాయంత్రం. టైలరింగ్, మధ్యాహ్నాలు. ఆశా కార్యకర్త, ఆదివారం. ఆర్టీసీ డ్రైవర్, డ్యూటీ లేని రోజు. ఒక్కో పని నేర్చుకున్నందుకు ఇచ్చే ప్రొఫిషియెన్సీ బ్యాడ్జీలకు తర్వాత ఈ పుస్తకమే మీ పాఠశాల అవుతుంది. వంట, తోటపని, సైకిల్, ఎలక్ట్రీషియన్, ప్రథమ చికిత్స, ఇలా ఒక్కో బ్యాడ్జీకి ఒక్కో మనిషి మీ ఊళ్లోనే దొరుకుతాడు. ఒక్క షరతు పెట్టండి: ఎవరూ సొంత బిడ్డ ఉన్న పెట్రోల్‌కు, అంటే ట్రూప్‌లోని చిన్న జట్టుకు, నేర్పకూడదు. పక్క పెట్రోల్‌కే. సొంత కొడుకు స్విచ్ బోర్డు విప్పుతుంటే తండ్రి చెయ్యి దానంతటదే వెళ్లిపోతుంది. పక్కింటి పిల్లవాడైతే ఓపిక వస్తుంది.

పెట్రోల్ కట్టడం, లీడర్ ఎవరన్న గొడవ

పెట్రోల్ అంటే ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లల జట్టు. పేరు విని బంకు గుర్తొచ్చి నవ్వే నాన్న ఒకరైనా ఉంటారు, నవ్వనివ్వండి. స్కౌట్‌లకు పక్షుల, జంతువుల పేర్లు, గైడ్‌లకు పువ్వుల పేర్లు. నాయకత్వం అనేది పుట్టాలంటే ఈ ఎనిమిది మందిలోనే పుట్టాలి. ముప్పై రెండు మందిని లైన్‌లో నిలబెట్టి విజిల్ ఊదితే అక్కడ ఒక్కడే నాయకుడు, అది మీరు.

కలిపేటప్పుడు వీధులను కలపండి, తరగతులను కలపండి. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో, స్కౌటింగ్‌ను మొదలుపెట్టిన బేడెన్ పావెల్ పెట్టిన మొట్టమొదటి శిబిరంలో ఇరవై మందికి అటూఇటూగా ఉన్న పిల్లల్లో డబ్బున్న బడుల వాళ్లూ ఉన్నారు, పనివాళ్ల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లను కలిపే నాలుగు పెట్రోళ్లు చేశారు. మన ఊళ్లో ఇది ఇంకా అవసరం. ఒకే వీధి పిల్లలను ఒకే పెట్రోల్‌లో పెడితే ఆ పెట్రోల్‌కు ఏం పేరు వస్తుందో నేను చెప్పక్కర్లేదు. ఎవరైనా వచ్చి "మా వాణ్ణి వాళ్లతో వద్దండీ" అంటే మర్యాదగానే, కానీ ఒకే మాట చెప్పండి: స్కౌట్ నియమాల్లో మూడోది, స్కౌట్ అందరికీ మిత్రుడు, తోటి స్కౌట్‌లకు సోదరుడు. దాన్ని వదిలేసి స్కార్ఫ్ వేసుకోవడం కుదరదు. ఇక్కడ మాత్రం నేను బేరానికి ఒప్పుకోను. రెండు కుటుంబాలు పిల్లలను మానిపించాయి, ఒకరు మళ్లీ వచ్చారు.

లీడర్‌ను ఎన్నుకునే పని పెట్రోల్‌కు వదలండి. రెండు నెలలు అందరినీ వారానికొకరు చొప్పున నడపనివ్వండి. తర్వాత వాళ్లంతా కూర్చుని పేరు చెబుతారు, మీరు సరేనంటారు. చాలాసార్లు ఆ పేరు క్లాస్ ఫస్ట్ వచ్చేవాడిది కాదు. దాంతో రాత్రి ఫోన్ వస్తుంది. "సార్, మావాడు ఫస్ట్ ర్యాంక్ కదండీ, వాడి కింద మావాడు ఉండటమేంటి?" ఈ ఫోన్‌కు మీరు సిద్ధంగా ఉండాలి. లీడర్ పదవి ఆరు నెలలే, మళ్లీ మారుతుంది అని చెప్పండి. తర్వాత మీ వాడికి పెట్రోల్ డబ్బు పెట్టె ఇచ్చాం, నెలాఖరుకు లెక్క చూపిస్తాడు, మీరు మాత్రం కూడికలు చేసి పెట్టొద్దు అని చెప్పండి. పదవి కోసం ఫోన్ చేసినాయన పని పేరు వినగానే మెత్తబడతాడు.

అందుకే ఎనిమిది మందికీ ఎనిమిది పనులు ఉండాలి. లీడర్, అతని తర్వాతి సెకండ్, డబ్బు లెక్క, సామాను, జరిగినవి రాసే లాగ్ బుక్, ప్రథమ చికిత్స పెట్టె, వంట, ఆటలు. సామాను చూసేవాడి దగ్గర ట్రంకు పెట్టె తాళంచెవి ఉంటుంది. దానికి రెండో తాళంచెవి చేయించి మీ దగ్గర పెట్టుకోవద్దు. నేను మొదట్లో పెట్టుకున్నాను. వాడు మర్చిపోయి వచ్చిన ప్రతిసారీ నా జేబులోది తీసి ఇచ్చేవాణ్ణి, ఏడాదంతా వాడు మర్చిపోతూనే ఉన్నాడు.

ఇంట్లో ఒక్క పని

ఈ మెట్టు దగ్గరే ఎక్కువ ట్రూప్‌లు జారిపోతాయి. వారానికి రెండు గంటలు గ్రౌండ్‌లో నాయకుడిగా ఉన్న పిల్లవాడు మిగతా వారమంతా ఇంట్లో "నీకెందుకురా, నువ్వు చదువుకో" అనిపించుకుంటుంటే ఆ రెండు గంటలు నీళ్లపాలు.

తల్లిదండ్రులను పిలిచి ఈ తేడా చెప్పండి: పని చెప్పడం వేరు, పని అప్పగించడం వేరు. "ఒరే, వెళ్లి వాటర్ క్యాన్ పట్రా" అంటే పని చెప్పడం. ఆలోచన అమ్మది, కాళ్లు వాడివి. "ఇంట్లో తాగే నీళ్లు ఇక నీ బాధ్యత" అంటే అప్పగించడం. క్యాన్ ఎప్పుడు అడుగంటుతుందో చూసుకోవడం, డబ్బులు అడిగి తీసుకోవడం, ప్లాంటు ఎన్నింటికి మూస్తారో కనుక్కోవడం, సైకిల్ మీద ఇరవై లీటర్లు మోయలేకపోతే ఎవరి సాయం అడగాలో తేల్చుకోవడం అన్నీ వాడివే.

ఒక్కటే పని ఇవ్వండి, ఒక్కటంటే ఒక్కటే. రేషన్ షాపు, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, ఆదివారం టిఫిన్, తాతయ్య మందులు తీసుకురావడం. మందులు సమయానికి వేయడం మాత్రం పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి, అందులో పొరపాటుకు చోటు లేదు. మూడు నెలలు అదే పని నడవాలి. పెద్దవాళ్లు గుర్తు చేయడం ఒక్కసారే, ఆ తర్వాత నోరు మూసుకోవాలి.

నోరు మూసుకోవడం ఎంత కష్టమో నాకు మా ఇంట్లోనే తెలిసింది. మా అమ్మాయికి ఈ నీళ్ల పని ఇచ్చిన రెండో వారం, శనివారం రాత్రి తొమ్మిదింటికి క్యాన్ ఖాళీ. ప్లాంటు ఎనిమిదిన్నరకే మూసేస్తారు. మా ఆవిడ బిందె తీసుకుని పక్కింటికి బయలుదేరింది. నేను ఆపాను. నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. అమ్మాయి పది నిమిషాలు టెన్షన్ పడి, తర్వాత పంపు నీళ్లు పట్టి గిన్నెలో మరగబెట్టింది. చల్లారేదాకా అందరం మజ్జిగ తాగాం. ఆదివారం పొద్దున ఆరింటికి అది ప్లాంటు గేటు దగ్గర ఉంది. తర్వాత ఇంట్లో రెండో క్యాన్ కొనాలన్న ఆలోచన కూడా దానిదే.

స్టార్లు, పాయింట్లు, చాక్లెట్లు పెట్టొద్దని చెప్పండి. ఇల్లు ఇంటివాళ్లందరిదీ, దానికి కూలి ఏమిటి? రోజుకో మంచి పని గుర్తుండాలంటే బేడెన్ పావెల్ చెప్పిన పాత చిట్కా ఉంది: పొద్దున స్కార్ఫ్ కొసకు ఒక ముడి వేసుకుని, ఆ పని అయ్యాకే విప్పడం. మా పిల్లలు స్కూలుకు స్కార్ఫ్ వేసుకోని రోజు కర్చీఫ్‌కు వేస్తారు. చాలు.

కోర్ట్ ఆఫ్ ఆనర్

నెలకొకసారి పెట్రోల్ లీడర్లు కూర్చుని ట్రూప్ వ్యవహారాలు తేల్చుకునే సభ ఇది. మీరు సలహాదారుగా ఓ మూల కూర్చోవచ్చు. తల్లిదండ్రులకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. స్కూలు కమిటీ పెద్దలకూ లేదు. అంతకుముందు ప్రతి పెట్రోల్ విడిగా కూర్చుని తన మాట లీడర్‌తో చెప్పి పంపాలి, లేకపోతే లీడర్లు తమ సొంత మాటలే మాట్లాడతారు. అరగంట దాటనివ్వకండి. మినిట్స్ వాళ్లే రాయాలి, అక్షర దోషాలతో సహా ఆ పుస్తకం వాళ్లదే.

ఒకసారి ఒక పెట్రోల్ వాళ్లు కొత్త తాడు కట్ట పోగొట్టారు. వాళ్లలో ఒక అబ్బాయి తండ్రి మరుసటి రోజే కొత్తది కొని తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు, గొడవ వద్దని. నేను తీసుకోలేదు. "సభ కూర్చోనివ్వండి" అన్నాను. సభలో లీడర్లు తేల్చింది ఇదీ: పెట్రోల్ అంతా కలిసి నాలుగు వారాలు పాత పేపర్లు పోగుచేసి అమ్మి, ఆ డబ్బుతో కొనాలి. మన నియమాల్లో పొదుపు ఒకటి కదా అని ఎనిమిదో తరగతి పిల్లవాడు గుర్తు చేశాడు. తండ్రి తెచ్చిన తాడు ఆయన ఇంట్లో దండెంగా పనికొచ్చింది.

హైక్, ఆ తర్వాత రాత్రి క్యాంప్

మొదట పగటి హైక్. నాలుగైదు కిలోమీటర్లు, చెరువు గట్టు మీదుగానో గుట్ట దాకానో. దారి ముందు మీరు ఒకసారి నడిచి చూసుకోండి. రెండు మూడు హైక్‌లు సాఫీగా అయ్యాకే రాత్రి క్యాంప్ మాట ఎత్తండి.

క్యాంప్‌కు ముందు తల్లిదండ్రులకు కాగితం మీద ఇవ్వాల్సినవి: ఎక్కడ, ఎప్పుడు బయలుదేరతాం, ఎన్నింటికి తిరిగొస్తాం, వెంట ఎవరెవరు ఉంటారు, ఏ నంబరుకు ఫోన్ చేయాలి. వాళ్ల నుంచి తీసుకోవాల్సినవి: అనుమతి సంతకం, పిల్లవాడికి ఉన్న జబ్బులు, పడని మందులు, పడని తిండి, పక్క తడిపే అలవాటు ఉంటే అది కూడా. ఈ చివరిది రాయడానికి సిగ్గుపడతారు. విడిగా అడగండి, మీ దగ్గరే ఉంచుకోండి.

గైడ్‌లు ఉంటే మహిళా లీడర్లు తప్పనిసరి, బాత్రూమ్‌లు ముందే చూసిన చోటే క్యాంప్. ఏ పెద్దమనిషీ ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఉండకూడదు, అందులో మీరు కూడా వస్తారు. ఈ నియమం మీరే మీటింగ్‌లో నోరు విప్పి చెప్పాలి. అమ్మాయిలను పంపడానికి వెనకాడే తల్లులు ఈ మాట విన్నాకే సంచి సర్దడం మొదలుపెడతారు.

క్యాంప్‌కు సాయంగా వచ్చే అమ్మానాన్నలతో ఒక ఒప్పందం చేసుకోండి. నిప్పు అంటుకుంటే, నీళ్లలోకి దిగితే, రోడ్డు మీదికి వెళ్తే, రక్తం కారితే, పురుగూ పుట్రా కనబడితే, ఒకడిని మరొకడు ఏడిపిస్తుంటే ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, వెంటనే కలగజేసుకోవాలి. ఇవి తప్ప మిగతా అన్నింటిలో పిల్లలు వచ్చి అడిగితే చెప్పాలి, అడక్కపోతే కూర్చోవాలి.

ఈ ఒప్పందం మీద మొట్టమొదట చిక్కుల్లో పడింది టిఫిన్ బండి నడిపే ఒకాయన. ఇరవై ఏళ్లుగా వంట ఆయన వృత్తి. ఆ రోజు నెమలి పెట్రోల్‌కు అన్నం, టమాటా పప్పు. ఎనిమిది మందికి కిలో బియ్యం, మూడు వందల గ్రాముల కందిపప్పు, అరకిలో టమాటాలు. లెక్కలు వాళ్లే వేసుకున్నారు, సరిగ్గానే వేశారు. మూడు రాళ్ల పొయ్యి వెలిగించడానికి ఏడు అగ్గిపుల్లలు అయ్యాయి. తర్వాత లీడర్ పప్పు, టమాటాలు, చింతపండు, ఉప్పు అన్నీ ఒకేసారి గిన్నెలో పోసి మూత పెట్టాడు. నా పక్కన కూర్చున్న ఆయన సగం లేచాడు. పులుపు ముందే పడితే పప్పు ఉడకదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. కూర్చున్నాడు. కానీ తువ్వాలు భుజం మీద నుంచి ఒళ్లోకి, ఒళ్లో నుంచి భుజం మీదికి మారుతూనే ఉంది.

గంటన్నర ఉడికింది. గరిటెతో మెదిపితే కందిబద్దలు గులకరాళ్లలా జారాయి. మూడింటికి పిల్లలు అన్నంలో ఆవకాయ కలుపుకుని, ఆ పులుసు మీద పోసుకుని తిన్నారు. ఎవరూ ఏడవలేదు. ఒకడు మాత్రం పక్క పెట్రోల్ వాళ్ల ఉప్మా వైపు చూస్తూ తిన్నాడు. గిన్నెలు కడిగాక లీడర్ చేతులు షర్టుకు తుడుచుకుంటూ వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. "అంకుల్, పప్పు ఎందుకు ఉడకలేదు?"

ఆయన ఎదురుచూస్తున్న ప్రశ్న అది. పులుపు ఎప్పుడు వేయాలి, ఉప్పు ఎప్పుడు, ముందే నానబెడితే ఎంత కట్టె మిగులుతుంది, పొంగు తియ్యడం ఎలా, అరగంట చెప్పాడు. లాగ్ బుక్ రాసేవాడు మొత్తం రాసుకున్నాడు. రాత్రి మళ్లీ పప్పే వండుతామని వాళ్లే పట్టుబట్టారు. ఇదే పాఠం మధ్యాహ్నం పొయ్యి దగ్గర, అడక్కముందే ఆయన చెప్పి ఉంటే ఎంతమందికి గుర్తుండేదో నాకు అనుమానమే.

క్యాంప్‌లో ఇంకో చిక్కు క్యారియర్లు. రెండో రోజు పొద్దున్నే కోడికూర పట్టుకుని ఒక మేనత్త దిగుతుంది. వద్దంటే బాధపడుతుంది. ముందే చెప్పండి: ఏది తెచ్చినా ట్రూప్ మొత్తానికి తేవాలి, లేదా తేవొద్దు. చూడటానికి ఎప్పుడైనా రావచ్చు, ఆ తలుపు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంచండి.

ఫోన్లు, వాట్సాప్, పదో తరగతి

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్‌లో మీరు మాత్రమే రాసేలా సెట్టింగ్ పెట్టండి. తేదీలు, చోటు, అంతవరకే. రేపు ఏమేం తేవాలో అన్న జాబితా అందులో వేయకండి. అది పెట్రోల్ లీడర్ తన వాళ్లకు చెప్పాలి, వాళ్లు డైరీలో రాసుకోవాలి. జాబితా అమ్మ ఫోన్‌లోకి వచ్చిందంటే సంచి సర్దేది అమ్మే.

తొమ్మిదో తరగతి చివర్లో చాలామంది మానిపిస్తారు. దీని మీద వాదించి నెగ్గలేరు, నేను ప్రయత్నించి వదిలేశాను. దానికి బదులు ముందే లెక్క వేసుకోండి. చేరినప్పటి ప్రవేశ్ తర్వాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలనే మెట్లు దాటితేనే రాష్ట్ర స్థాయి రాజ్య పురస్కార్. ఒక్కో మెట్టుకూ నెలల వ్యవధి ఉంటుంది, తొందరపెట్టి దూకించడం కుదరదు. అందుకని ఆరో తరగతిలోనే చేర్చుకోండి. పదిలో ఉన్నవాడిని వారం వారం రమ్మనకండి. నెలకోసారి వచ్చి చిన్నవాళ్లకు ఒక్క ముడి నేర్పి వెళ్లమనండి. వాళ్ల అమ్మకు కూడా అది అభ్యంతరం కాదు. పరీక్షలయ్యాక వాడే వస్తాడు.

లీడర్ మారే రోజు చిన్న కార్యక్రమం పెట్టండి, తల్లిదండ్రులను పిలవండి. పాత లీడర్ కొత్తవాడికి పెట్రోల్ జెండా, లాగ్ బుక్ అందించి ఎడమ చేత్తో కరచాలనం చేస్తాడు. కొత్త పిల్లల కోసం మళ్లీ మొదటి మీటింగ్ పెట్టినప్పుడు చాపల మీద మాట్లాడాల్సింది మీరు కాదు, ఈ పాత అమ్మానాన్నలే. గేదెలాయన, పప్పు ఆయన. వాళ్ల మాట వేరే.

ఈ ఏడాది సామాను చూసే అబ్బాయి ఏడో తరగతి. మొన్న శనివారం ట్రూప్ మీటింగ్ మొదలై పది నిమిషాలైంది, ట్రంకు పెట్టెకు తాళం అలాగే ఉంది. వాడు జేబులన్నీ తడుముకుంటున్నాడు. ఇంతలో గేటు దగ్గర స్కూటీ ఆగింది. వాళ్లమ్మ, వంట మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది, చేతికి పసుపు అలాగే ఉంది, తాళంచెవి పట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. "మర్చిపోయాడండీ, ఇదిగో" అంది. నేను చెయ్యి చాపలేదు. "అమ్మా, మీరు ఇంటికి తీసుకెళ్లిపోండి. వాడే వచ్చి తెచ్చుకుంటాడు" అన్నాను. ఆమె నా వైపు, కొడుకు వైపు చూసి, మారు మాట్లాడకుండా తాళంచెవి కొంగున కట్టుకుని స్కూటీ తిప్పింది. వాడు వెనకాలే సైకిల్ మీద వెళ్లాడు. మూడు కిలోమీటర్లు పోను, మూడు రాను. మిగతా పెట్రోల్ అంతా తాళ్లు లేకుండా ఏం చేయాలా అని ఆలోచించి, వాడొచ్చేదాకా స్కార్ఫ్‌లు విప్పి వాటితోనే ముడులు ప్రాక్టీస్ చేశారు.